ఈఫిల్ టవర్ చెక్క పజిల్, 248 ముక్కలు: పెదవాల్తేరులో చేసిన పని డైరీ

లేజర్‌తో కోసిన ప్లైవుడ్ పజిల్ కొని, సముద్రం దగ్గర ఇంట్లో బిగించబోయేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మా ఇల్లు విశాఖపట్నంలోని పెదవాల్తేరులో ఉంది, బీచ్‌కి నడిచి పది నిమిషాలు. నాకు వచ్చిన సమస్యల్లో సగం ఈ గాలిలోని తేమ వల్ల వచ్చినవే. మిగతా సగం, అడుగు సరిచూడకుండా పైన సరిచేయబోవడం వల్ల వచ్చాయి. రెండింటికీ కొలతలు రాసిపెట్టాను.

పజిల్ వివరాలు: 3 మి.మీ. ప్లైవుడ్, 9 షీట్లు, 248 ముక్కలు, పూర్తయితే 66 సెం.మీ. ఎత్తు. అసలు టవర్ ఇప్పుడు 330 మీటర్లు, కాబట్టి ఇది 500లో ఒకటో వంతు. మోడల్‌లో 1 మి.మీ. తేడా వస్తే అసలు టవర్‌లో అర మీటరు తేడా వచ్చినట్టు. పీఠం భుజం 25 సెం.మీ. (అసలుది 125 మీటర్లు). మొదటి అంతస్తు 11.5 సెం.మీ. దగ్గర, రెండోది 23 దగ్గర, మూడోది 55 దగ్గర వస్తాయి.

వాడిన సామాన్లు:

1. వెర్నియర్ కాలిపర్స్ (0.02 మి.మీ. వరకు చూపేది). మా మావయ్య దగ్గర తెచ్చుకున్నాను. ఆయన షిప్‌యార్డులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు.
2. చిన్న మూలమట్టం, జేబులో పట్టే రసమట్టం.
3. సన్నటి ఆకురాళ్ల సెట్టు, 400 నంబరు గరుకు కాగితం.
4. తెల్ల జిగురు, పళ్లపుల్లలు, మాస్కింగ్ టేపు, రబ్బరు బ్యాండ్లు.
5. గాలిలో తేమ చూపే చిన్న మీటరు. ఇది మొదట కొనలేదు. అదే మొదటి తప్పు.

దశ 1: మొదటి కాలు (ఆగస్టు 9, 10)

ప్రతి ముక్కకీ ఒక నాలుక ఉంటుంది, అది పక్క ముక్క గాడిలో దిగాలి. మొదటి కాలికి 28 ముక్కలు. 19 వరకు వెళ్లాను. ఏ ఒక్కటీ బొటనవేలితో నొక్కితే దిగలేదు. కిట్‌తో వచ్చిన కాగితంలో 'మెల్లగా తట్టండి' అని ఉంది, చిన్న చెక్కసుత్తితో తట్టాను. మూడు నాలుకలు విరిగాయి. మూడూ ఒకేలా, మొదట్లో పొర ఊడి, అడ్డంగా.

అప్పుడు కొలిచాను. గాడి వెడల్పు 3.10 మి.మీ. నాలుక మందం 3.18 నుంచి 3.22 మి.మీ. పెట్టె మీద 3 మి.మీ. అని రాసి ఉంది కాబట్టి కొలవాలన్న ఆలోచనే రాలేదు. ప్లైవుడ్ తేమ పీల్చి ఉబ్బింది. పదో వంతు మిల్లీమీటరు చేతికి తెలియదు, సన్నటి నాలుకను విరగ్గొట్టడానికి మాత్రం సరిపోతుంది.

19 ముక్కలూ విప్పేశాను.

ఇప్పటిదాకా: బిగించినవి 0/248. సమయం 3 గంటలు. విరిగినవి 3. ఖర్చు రూ. 1,850 (పజిల్ ధర).

దశ 2: ఆరబెట్టడం (ఆగస్టు 11 నుంచి 24)

తేమ మీటరు కొన్నాను, రూ. 380. బాల్కనీలో 84%, హాల్లో 79%, ఏసీ వేసిన పడకగదిలో రెండు గంటల తర్వాత 57%. పని ఎక్కడ చేయాలో ఈ మూడు అంకెలే చెప్పాయి.

కానీ నేను తొందరపడి అట్టపెట్టెలో 40 వాట్ల బల్బు వేలాడదీసి, షీట్లు నిలబెట్టి, రాత్రంతా ఉంచాను. పొద్దున చూస్తే షీట్లు ఆరాయి, మందం 3.06కి దిగింది. కానీ బల్బు వైపు ఉన్న నాలుగు షీట్లు అప్పడంలా వంగాయి. వాటిలో పీఠం షీటు కూడా ఉంది. ఒకవైపే వేడి తగిలితే ఆ వైపు పొర ముందు ముడుచుకుంటుంది, షీటు అటు లాగేస్తుంది. దయచేసి బల్బు పద్ధతి వాడకండి.

తర్వాత చేసిన పద్ధతి, ఇది పనిచేసింది:

1. షీట్ల మధ్య న్యూస్ పేపర్ పెట్టి, ఒకదానిమీద ఒకటి బల్లపరుపుగా పేర్చాను.
2. పైన టీపాయ్ అద్దం, దానిమీద 10 కిలోల బియ్యం బస్తా.
3. చుట్టూ సిలికా జెల్ సంచులు (రూ. 240), మొత్తం మీద పాలిథీన్ కవరు.
4. రోజుకొకసారి పేపర్లు మార్చాను.
5. పన్నెండు రోజులకి మందం 3.08 మి.మీ. దగ్గర నిలబడింది. ఇక దిగలేదు.

సిలికా జెల్ గుళికలు రంగు మారితే, వంటకి వాడని పాత మూకుడులో సన్న సెగ మీద వేయించి మళ్లీ వాడుకోవచ్చు. మూడుసార్లు అలా చేశాను.

మనకి దగ్గర్లోనే ఏటికొప్పాకలో బొమ్మలు చేసేవాళ్లు అంకుడు కర్రను బాగా ఆరాకే పనిలోకి తీసుకుంటారు. ఇంట్లో ఆ లక్కపిడతలు చిన్నప్పటి నుంచీ ఉన్నాయి. కర్ర పని ఆరబెట్టడంతో మొదలవుతుందన్నది నాకు అక్కడే తెలిసి ఉండాల్సింది.

విరిగిన మూడు నాలుకలకి: ముక్కలు ఊడదీశాక మిగిలే చట్రం ఉంటుంది కదా, దాన్ని పారేయకండి. అదే ప్లైవుడ్, అదే మందం. అందులోంచి 6 మి.మీ. వెడల్పు పట్టీ కోసి, విరిగినచోట గాడి చేసి, తెల్ల జిగురుతో కూర్చాను. క్షణాల్లో పట్టేసే గమ్ము ముందు చట్రం ముక్క మీద పరీక్షించాను. తేమ ఎక్కువగా ఉంటే చుట్టూ తెల్లటి బూజులా మచ్చ వస్తుంది, తుడిచినా పోదు.

ఇప్పటిదాకా: 0/248. 7 గంటలు (ఆరిన రోజులు లెక్కలో లేవు). విరిగినవి 3, బాగుచేసినవి 3. ఖర్చు రూ. 2,470.

దశ 3: నాలుగు కాళ్లు (ఆగస్టు 25 నుంచి సెప్టెంబరు 7)

ఆరిన ముక్కలు బొటనవేలి బలంతో 'టక్' మని దిగాయి. ఆ చప్పుడే కొలత అనుకోవచ్చు. చప్పుడు రాకుండా దిగితే వదులు, నొక్కితే గోరు తెల్లబడేంత బిగువైతే ఆకురాయి పట్టాలి. ఆకురాయి గాడికి కాదు, నాలుకకి పట్టాలి. రెండు వైపులా మూడేసి సార్లు, మళ్లీ కొలవడం. గాడిని పెద్దది చేస్తే వెనక్కి తెచ్చుకోలేం.

మా అమ్మాయి ముక్కల వెనక పెన్సిల్‌తో నంబర్లు వేసింది. షీటు నంబరు, ముక్క నంబరు, ఏ కాలు. దీనికి రెండు గంటలు పట్టింది. నాలుగు కాళ్ల ముక్కలూ చూడ్డానికి ఒక్కలా ఉంటాయి, కానీ ఎడమ కాలి ముక్క కుడి కాలికి పట్టదు. ఈ రెండు గంటలు తగ్గించుకోవద్దు.

రెండో కాలి దగ్గర ఒక తప్పు. బిగువుగా ఉన్న నాలుకలకి కొవ్వొత్తి రుద్దాను, వెన్నలా దిగాయి. తర్వాత జిగురు పెడితే పట్టలేదు. మైనం ఉన్న చెక్కకి తెల్ల జిగురు అంటదు. ఎనిమిది ముక్కలు విప్పి, గరుకు కాగితంతో మైనం గీకేయాల్సి వచ్చింది. ఆ గీకుడులో ఇంకో నాలుక విరిగింది.

ఈ దశ చివర్లో మూడో కాలిని పీఠం గాడుల్లో దింపి జిగురు పెట్టేశాను. మిగతా మూడు ఉత్తినే నిలబెట్టాను. మూడోది కొంచెం ఊగుతోందని అలా చేశాను. ఎందుకు ఊగుతోందో చూడలేదు.

ఇప్పటిదాకా: 113/248 (పీఠం 1, కాళ్లు 112). 18 గంటలు. విరిగినవి 4, అన్నీ బాగుచేశాను. ఖర్చు రూ. 2,730 (ఆకురాళ్ల సెట్టు రూ. 260 కలిపి).

దశ 4: మొదటి అంతస్తు కలవలేదు (సెప్టెంబరు 8 నుంచి 28)

ఇది చదివేవాళ్లు మిగతాది వదిలేసినా ఈ దశ మాత్రం చదవండి.

మొదటి అంతస్తు పలక నాలుగు కాళ్ల తలల మీద ఒకేసారి కూర్చోవాలి. నా పలక మూడు కాళ్ల మీద కూర్చుంది. మూడో కాలి తల మిగతావాటికంటే 2.1 మి.మీ. ఎత్తుగా, 1.4 మి.మీ. లోపలికి ఉంది. అసలు టవర్ లెక్కలో మీటరు పైన.

నేను చేసిన పని: మూడో కాలి తల దగ్గర నాలుకలు ఆకురాయితో దించాను, పలకలో గాడి పెంచాను. మూడు సాయంత్రాలు అదే పని. చివరికి పలక కూర్చుంది, కానీ రసమట్టం పెడితే బుడగ ఒక పక్కకి పోయింది. పెంచిన గాడి 3.4 మి.మీ. అయి, కాలు అందులో కదులుతోంది.

ఆదివారం మావయ్య సింధియా (షిప్‌యార్డు దగ్గరి పేట) నుంచి వచ్చారు. కళ్లద్దాలు పెట్టుకుని పైకీ కిందకీ చూసి ఒకటే అడిగారు: "అల్లుడూ, పైన గీకుతున్నావు సరే, అడుగు మట్టం చూశావా?"

చూడలేదు. పీఠాన్ని టీపాయ్ అద్దం మీద పెట్టాం. మూడో కాలి మూల కింద విజిటింగ్ కార్డులు దూర్చుకుంటూ వెళ్తే ఐదు పట్టాయి. కార్డు మందం 0.3, అంటే మూల 1.5 మి.మీ. పైకి లేచి ఉంది. ఆగస్టులో బల్బు దగ్గర వంగిన షీటు అదే. బియ్యం బస్తా కింద చాలావరకు సర్దుకుంది కానీ పూర్తిగా కాదు. కాలు ఊగడానికి కారణం కూడా ఇదే. నేను దానికి జిగురు పెట్టి ఆ వంకరను అక్కడే ఖాయం చేశాను.

"షిప్పులో ప్లేటు కలవకపోతే ముందు ట్యాక్ విప్పి చూస్తాం. ప్లేటు కొయ్యం. అన్నీ కలిశాకే పూర్తి వెల్డింగు," అన్నారు మావయ్య. ట్యాక్ అంటే ప్లేటు కదలకుండా తాత్కాలికంగా వేసే చిన్న వెల్డు.

ఆ రాత్రి అసలు టవర్ ఎలా కట్టారో చదివాను. 1887 జనవరి 28న పని మొదలైంది. నాలుగు కాళ్లూ విడివిడిగా, ఏటవాలుగా లేచాయి, మొదటి అంతస్తు దగ్గర దూలాలతో కలవాలి. ముక్కలు ఫ్యాక్టరీలో మిల్లీమీటరులో పదో వంతు తేడాతో గీసి చేసినవే, అయినా ఆ ఎత్తులో నాలుగూ వాటంతట అవి కలుస్తాయని ఇంజినీర్లు అనుకోలేదు. కాళ్ల అడుగున హైడ్రాలిక్ జాకీలు పెట్టారు. కాళ్లను మోసే కర్ర పరంజాల మీద ఇసుక డబ్బాలు పెట్టారు. డబ్బాలోంచి ఇసుక వదిలితే కాలు కొద్దికొద్దిగా దిగుతుంది, జాకీతో ఎత్తితే లేస్తుంది. 1887 డిసెంబరు 7న మొదటి అంతస్తు దూలాలు కలిశాయి. ముక్కలను కూడా ముందు బోల్టులతో బిగించి, తర్వాత ఒక్కొక్క బోల్టు తీసి కాల్చిన రివెట్ వేశారు. మావయ్య చెప్పిన ట్యాక్ సంగతి అదే.

నేనూ ఇసుక డబ్బాలు చేశాను. పద్ధతి ఇది:

1. హెయిర్ డ్రయర్‌తో మూడో కాలి అడుగు వేడి చేశాను. తెల్ల జిగురు వేడికి మెత్తబడుతుంది. పది నిమిషాలకి కాలు ఊడి వచ్చింది, విరగలేదు.
2. పీఠాన్ని 12 మి.మీ. ప్లైవుడ్ పలక మీద పెట్టి నాలుగు మూలలా చిన్న స్క్రూలతో బిగించాను. మట్టం వచ్చింది, ఎక్కడా ఒక్క కార్డు కూడా దూరలేదు.
3. దగ్గు మందు సీసాలతో వచ్చే కొలత మూతలు నాలుగు తీసుకున్నాను. ప్రతి మూతకి అడుగు పక్కన 3 మి.మీ. రంధ్రం, దానికి అగ్గిపుల్ల బిరడా.
4. ఇసుకని టీ వడగట్టుతో జల్లించి నింపాను. బీచ్ ఇసుక వద్దు. అందులో ఉప్పు ఉంటుంది, ఉప్పు తేమను లాగుతుంది, ఆ తేమ చెక్కకి ఎక్కుతుంది. మా వీధిలో కడుతున్న ఇంటి దగ్గర అడిగి రెండు గుప్పెళ్లు ఏటి ఇసుక తెచ్చాను.
5. ఇసుక మీద రూపాయి నాణెం, నాణెం మీద చిన్న చెక్క దిమ్మ, దిమ్మ మీద కాలి తల లోపలి అంచు. మూత అడుగున ఎత్తుకు సరిపడా చెక్క ముక్కలు పేర్చాను.
6. కాళ్ల అడుగున జిగురు పెట్టలేదు. గాడిలో ఉత్తినే నిలబడ్డాయి.

గుర్తుంచుకోవాల్సింది: ఇసుక దించడానికే పనికొస్తుంది, ఎత్తడానికి కాదు. అందుకే నాలుగు తలలూ కావలసిన ఎత్తుకంటే 2 మి.మీ. పైన మొదలుపెట్టాలి. మొదటిసారి నేను సరిగ్గా ఎత్తులోనే పెట్టాను, ఒకటి జారి దిగిపోయింది, మొత్తం మళ్లీ పేర్చాను.

అగ్గిపుల్ల కొంచెం లాగితే ఇసుక సన్నటి దారంలా కారుతుంది. నాణెం కదిలినట్టు కంటికి కనపడదు. పుల్ల మూసి కాలిపర్స్ పెడితే 0.3 తగ్గి ఉంటుంది. మళ్లీ లాగితే 0.2. మా అమ్మాయి పుల్ల దగ్గర, నేను కాలిపర్స్ దగ్గర. "ఆపు" అంటే ఆపేది. ఒక్కో కాలికి ఆరేడుసార్లు అలా చేశాం. నాలుగు తలల ఎత్తులు చివరికి: 114.8, 114.9, 114.8, 115.0 మి.మీ.

పలక పెట్టి అరచేత్తో అదిమితే నాలుగు మూలలా వరసగా 'టక్' మంది. రసమట్టం బుడగ మధ్యలో నిలబడింది. అప్పుడు, ఈ వరసలోనే, జిగురు పెట్టాను: ముందు పైన పలకకి, పన్నెండు గంటలాగి కాళ్ల అడుక్కి. ఇసుక మూతలు ఇంకో రోజు అలాగే ఉంచి తీశాను.

నేను అనవసరంగా పెంచిన గాడిలోకి విజిటింగ్ కార్డు పట్టీ ఒకటి జిగురుతో దూర్చాల్సి వచ్చింది. దగ్గరగా చూస్తే కనపడుతుంది. ఆ మూడు సాయంత్రాల గుర్తు అది.

ఇప్పటిదాకా: 139/248. 32 గంటలు. విరిగినవి 4. ఖర్చు రూ. 2,790 (జిగురు రూ. 60).

దశ 5: రెండో అంతస్తు నుంచి కొన వరకు (సెప్టెంబరు 29 నుంచి అక్టోబరు 12)

అడుగు సరిగా ఉంటే పైన పని వేగంగా జరుగుతుంది. రెండో కాళ్ల వరస 44 ముక్కలు నాలుగు గంటల్లో అయిపోయాయి.

ఒకే ఒక్క చిక్కు. పై భాగం నిలబెట్టాక కొన 4 మి.మీ. ఒక పక్కకి ఒరిగింది. కొన నుంచి నట్టు కట్టిన దారం వదిలి, పీఠం మీద గీసిన అడ్డగీతల మధ్య ఎక్కడ పడుతుందో చూశాను. ఈసారి కింది నుంచి వెతుక్కుంటూ వచ్చాను. పీఠం సరి, మొదటి అంతస్తు సరి, రెండో అంతస్తు పలక తలకిందులుగా ఉంది. లేజర్ కోసిన గాడి గోడలు నిలువుగా ఉండవు. కిరణం దిగిన వైపు కాస్త వెడల్పు, రెండో వైపు కాస్త ఇరుకు. నా పలకలో 3.14, 3.06. నాలుకలు వెడల్పు వైపు నుంచి దిగాలి. ఇరుకు వైపు నుంచి దింపితే ఒకటి సగంలో ఆగింది, అందుకే ఒరిగింది. ఇంకా జిగురు పెట్టలేదు కాబట్టి పలక తీసి తిప్పాను. తీసేటప్పుడు ఒక నాలుక పోయింది. తర్వాత దారం 0.8 మి.మీ. తేడాతో మధ్యలో పడింది. అక్కడితో సరిపెట్టాను.

రెండు వైపులా గాడి కొలిచి, వెడల్పు వైపు పెన్సిల్‌తో చుక్క పెట్టుకోండి. ముక్కల నంబర్లు వేసేటప్పుడే ఇదీ అయిపోతుంది.

ఇప్పటిదాకా: 248/248. 41 గంటలు. విరిగినవి 5, అన్నీ బాగుచేశాను. ఖర్చు రూ. 2,790.

దశ 6: పూత (అక్టోబరు 15 నుంచి డిసెంబరు 15)

పూత లేకపోతే వచ్చే ఆగస్టుకి ముక్కలు మళ్లీ ఉబ్బి కీళ్లను తోసుకుంటాయి. బిగించక ముందే పూత వేయకూడదు, నాలుకల మందం పెరుగుతుంది. కాబట్టి చివర్లోనే.

వుడ్ సీలర్ కొని, ముందు చట్రం ముక్క మీద వేశాను. అక్టోబరు 15, వానపట్టిన రోజు, బాల్కనీలో 82%. ఆరేలోపే పాలు పోసినట్టు తెల్లబడింది. సీలర్‌లోని ద్రావకం ఆవిరయ్యేటప్పుడు చెక్క పైభాగం చల్లబడి, గాలిలోని నీరు పూతలో చేరుతుంది. ఏసీ గదిలో వేద్దామంటే వాసనకి తలుపులు మూసి కూర్చోలేం, అది మంచిది కూడా కాదు.

ఆగాను. తుఫానుల కాలమంతా టవర్ పడకగదిలో, పాలిథీన్ కవరులో, నాలుగు సిలికా జెల్ సంచులతో ఉంది. వారానికోసారి మొదటి అంతస్తు మీద రసమట్టం పెట్టి చూశాను, బుడగ కదల్లేదు. డిసెంబరు 14 మధ్యాహ్నం రెండు గంటలకి బాల్కనీలో 61%. చట్రం ముక్క మీద వేస్తే అద్దంలా ఆరింది. వెంటనే టవర్‌కి వేశాను.

1. సీలర్‌లో సగానికి సగం తిన్నర్.
2. అర అంగుళం బ్రష్, పై నుంచి కిందకి. కీళ్ల దగ్గర బ్రష్ దాదాపు పొడిగా ఉండాలి, లేకపోతే మూలల్లో చుక్కలు నిలుస్తాయి.
3. నలభై నిమిషాలాగి 400 నంబరు కాగితం అందినచోట మాత్రం, మళ్లీ ఒక పూత.
4. పీఠం అడుగు మరిచిపోవద్దు. మొదట వంగిన షీటు అదే, అక్కడ మూడు పూతలు వేశాను.

ఇప్పటిదాకా: 248/248. 44 గంటలు. ఖర్చు రూ. 3,140 (సీలర్, తిన్నర్ రూ. 310, బ్రష్ రూ. 40).

మిగిలింది

అద్దాల పెట్టె. కంచరపాలెంలో ఒక వడ్రంగికి ఆర్డరిచ్చాను. మీరు చేయించుకుంటే లోపలి కొలతలు: 32 సెం.మీ. పొడవు, 32 వెడల్పు, 72 ఎత్తు. అడుగున 4 సెం.మీ. లోతు సొరుగు, దాని పై చెక్కకి వరసగా రంధ్రాలు, సిలికా జెల్ అందులో ఉంటుంది. నాలుగు మూలలా తిప్పే బుష్‌లు పెట్టమన్నాను, మా హాల్లో గచ్చు ఒక పక్క 3 మి.మీ. పల్లం. మావయ్య రసమట్టం తెస్తానన్నారు.